పాటకి పెట్టిన పెంకు

కొనేవాడు సరుకుని మెచ్చుకోకూడదు. అమ్మేవాడు సరుకులో తప్పు ఎంచకూడదు. మా కలప డిపోలో నేను పలక పట్టకముందే నేర్చుకున్న రెండు ముక్కలు ఇవి. మండపేటలో ద్వారపూడి రోడ్డు మీద ఉంటుంది మా డిపో. పాత ఇళ్ళు పడగొట్టేవాళ్ళ దగ్గర దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు కొని, మేకులు పీకి, శుభ్రం చేసి, కావలసినవాళ్ళకి అమ్ముతాం. మా నాన్న శాంతికుమార్ ఎవరింటికైనా కలప చూడటానికి వెళ్ళాడంటే, ఆ కలప నచ్చిన సంగతి ఆ ఇంటి గోడలకి కూడా తెలియనివ్వడు. "ఏముందండి, పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు" అంటాడు. అబద్ధాలాడే మనిషి కాదు. అది బేరం. ఎదుటివాళ్ళకీ ఆ సంగతి తెలుసు.

ఆ రెండు ముక్కలూ ఒకదానితో ఒకటి ఢీకొన్న ఎండాకాలం గురించి చెబుతాను. దానికి ముందు ఇంగ్లండులో పడ్డ ఒక వాన గురించి చెప్పాలి.

సరుకు రవాణా మీద పీజీ చదవడానికి ఏడాది కోర్సుకి అక్కడికి వెళ్ళాను. ఖర్చు ఎంత, రాబడి ఎంత అని నాన్నా నేనూ ముందే కూర్చుని లెక్క చూసుకున్నాం. ఆ లెక్కలో కథీడ్రల్ లేదు. మార్చిలో ఒక శనివారం వాన పట్టుకుంటే, నేనూ నా రూమ్మేట్ సూర్యకళా తల దాచుకోవడానికి అందులో దూరాం. సూర్యకళదీ మండపేటే. రైసుమిల్లు జగన్నాథరావు గారి అమ్మాయి. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఒకరి మొహం ఒకరికి తెలీదు. అక్కడికి వెళ్ళాక ఒకే కుక్కర్లో అన్నం వండుకున్నాం.

"స్టూడెంట్లకి టిక్కెట్టు లేదంట ఆశా," అంది సూర్యకళ, బోర్డు చదివి.

"అయితే మొత్తం చూద్దాం," అన్నాను.

కొన్ని వందల ఏళ్ళ నాటి గుడి. సూర్యకళ రంగురంగుల అద్దాలకి ఫొటోలు తీసుకుంటూ ఉంటే నేను బెంచీల కలప గోటితో గీకి చూశాను. వంశం బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇంతలో కప్పు లోపలికి తీసుకెళ్ళి చూపిస్తామని ఒక పెద్దావిడ పిలిచింది. ఇరుకు మెట్లు, గుండ్రంగా తిరుగుతూ పైకి. మోకాళ్ళు పట్టేశాయి. పైకి చేరాక మాత్రం నేను నోరు తెరిచి నిలబడిపోయాను.

కింద నుంచి చూసేవాళ్ళకి రాతి కప్పే కనబడుతుంది. దాని మీద ఒక అడివి ఉంది. నల్లగా కాలిన రంగులో ఓక్ కలప దూలాలు, ఒకదాని మీద ఒకటి, చివర చీకట్లో కలిసిపోయేదాకా. ఆ నలుపులో అక్కడక్కడా లేత పసుపు ముక్కలు. చిరిగిన చీరకి అంచు మార్చినట్టు, పాత దూలం కొనకి కొత్త ముక్క అతికి ఉంది.

"దూలం పాడయ్యేది ఎప్పుడూ గోడలో దూరిన కొనల దగ్గరే," అని చెప్పింది ఆ పెద్దావిడ. "నీరు అక్కడే చేరుతుంది కాబట్టి. కుళ్ళినంత మేర కోసేస్తాం. మంచిదాన్ని ముట్టుకోం."

అతుకు ఎలా వేశారో అడిగాను. ఏటవాలుగా కోసిన కోత, అడ్డంగా దిగ్గొట్టిన కర్ర చీలలు చూపించింది. ప్రతి అతుకుకీ ఫొటో తీశాను. మిగతావాళ్ళు పై గోపురంలో గంటలు చూస్తామని గోల పెట్టేదాకా కదల్లేదు.

కిందికి దిగితే ద్వారం పక్కన బల్ల మీద నల్లటి పలకరాళ్ళు పేర్చి ఉన్నాయి. కప్పు మీద పరిచే రాళ్ళు. డబ్బు కట్టి ఒక రాయి కొనుక్కోవచ్చు, దాని మీద మన పేరు రాసుకోవచ్చు. రాయి మాత్రం వాళ్ళ కప్పు మీదికే వెళుతుంది.

సూర్యకళ రెండుసార్లు చదివింది. "ఆగాగు. డబ్బు మనది, పేరు మనది, సరుకు మాత్రం వాళ్ళ నెత్తి మీదే ఉంటుందా? మీ నాన్నగారికి చెప్పకే బాబూ, డిపో మూసేసి ఇక్కడికొచ్చి బల్ల వేసుకుంటారు."

నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ఆ బేరం నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. రెండో పంట దాళ్వా కోతలయ్యాక మా ఊరి గుడిలో, అంటే చర్చిలో, కోతపండగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి బల్ల మీద పెడతారు. గుమ్మడికాయ, అరటిగెల, కోడిపుంజు, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు, డబ్బు గుడికి. మనసున్నవాడు పాడుకున్న గుమ్మడికాయని ఇంటికి తీసుకెళ్ళడు. "మళ్ళీ పాటకి" అని బల్ల మీద తిరిగి పెట్టేస్తాడు. అది ఇంకొకరు పాడతారు. ఒకే గుమ్మడికాయ మధ్యాహ్నం దాకా అమ్ముడుపోతూనే ఉంటుంది.

సూర్యకళకి ఇదంతా చెప్పి, ఒక రాయి కొన్నాను. వారం రోజుల బస్సు ఖర్చు. తెల్ల పెన్నుతో తెలుగులో రాశాను: శాంతికుమార్ టింబర్ డిపో, మండపేట. ప్రకటనకి అంత ఎత్తున చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఫొటో చూసి నాన్న వెంటనే ఫోన్ చేశాడు.

"కప్పు మీద, అదీ బోర్లించిన రాయి మీద రాస్తే ఎవడు చూస్తాడే?"

"దేవుడు చూస్తాడు నాన్నా."

"దేవుడు కలప కొనడు," అన్నాడు. కాసేపు నవ్వుకున్నాం. ఆ తరవాత అసలు సంగతి చెప్పాడు. "కప్పు అంటే గుర్తొచ్చింది. మన ఊరి గుడి కప్పు మనమే తీసుకున్నాం. దూలాలు, వాసాలు, పెంకులు మొత్తం. కోతపండగ అయిన మర్నాడు విప్పుతాం. దిండిలో రిసార్టు కడుతున్నాయన మొత్తం కలప తనకే కావాలన్నాడు. మాటైపోయింది."

"మరి గుడికి?"

"స్లాబు వేస్తారంట. ఎజ్రా మాస్టారి పట్టుదల."

*

ఏప్రిల్ ఆఖరికి ప్రాజెక్టు రిపోర్టు ఇంటి దగ్గర కూర్చుని రాసుకుందామని వచ్చేశాను. అక్కడ గది అద్దె దండగ. వచ్చిన మర్నాడే నాన్నతో మా ఊరి గుడికి వెళ్ళాను. మా సొంత ఊరు మండపేటకి దగ్గరే, కాలవగట్టు మీద. నా బాప్తిస్మం, మా అమ్మానాన్నల పెళ్ళి, మా నానమ్మ అంత్యక్రియల ఆరాధన, అన్నీ ఆ కప్పు కిందే. పాతకాలపు మిషనరీలు కట్టించిన గుడి. బర్మా టేకు దూలాలు, పైన మంగుళూరు పెంకులు.

నాన్న నిచ్చెన వేసుకుని ఎక్కాడు. సుత్తి తిరగేసి, పిడితో దూలం పొడుగునా కొట్టుకుంటూ వెళ్ళాడు. గోడ దగ్గర కొట్టినప్పుడు చప్పుడు మెత్తగా, తడి గోనెసంచి మీద కొట్టినట్టు వచ్చింది. మూర దూరం ఇవతలికి వచ్చేసరికి ఖంగుమంది. అక్కణ్ణించి అవతలి గోడ మూర దూరంలోకి వచ్చేదాకా ఖంగుమంటూనే ఉంది.

"ఎలా ఉంది నాన్నా కలప?" అన్నాను కింద నుంచి.

చుట్టూ చూశాడు. గుడిలో మేమిద్దరమే ఉన్నాం. అయినా గొంతు తగ్గించి, "బంగారం," అన్నాడు.

"కొనలే కదా పుచ్చింది?"

"కొనలే."

"ఈ సంగతి గుడి సంఘానికి చెప్పావా?"

నిచ్చెన దిగి, చేతులు దులుపుకుని, నా మొహంలోకి చూశాడు. "కొనేవాడు సరుకు మెచ్చుకుంటాడా ఎక్కడన్నా? ఇంజనీరుని వాళ్ళే తెచ్చుకున్నారు. దూలాలు పోయాయి, స్లాబు వేసుకోమన్నాడు. నన్నెవరూ అడగలేదు. అమ్ముతామన్నారు, కొన్నాను."

అందులో తప్పు పట్టడానికేం లేదు. నేనైనా అదే చేసేదాన్ని. కానీ ఆ సాయంత్రం నేను మా లెక్క పక్కన పెట్టి గుడి లెక్క వేశాను. కలప అమ్మిన డబ్బు పునాదికీ స్తంభాలకీ సరిపోతుంది. ఆ పైన స్లాబుకి డబ్బు లేదు, మాట ఇచ్చినవాళ్ళు మాత్రం ఉన్నారు. మా అమ్మమ్మగారి ఊళ్ళో ఇలాగే మొదలుపెట్టారు. స్తంభాల మీద ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ ఉంటాయి. ఏళ్ళ తరబడి ఆ సంఘం టార్పాలిను కింద ఆరాధన చేసుకుంటోంది. సగం మంది ఊరి చివర వేరే గుడికి వెళ్ళిపోయారు. సరుకు దింపకుండా లారీ పంపించేసినట్టుంటుంది అలాంటి పని. జూన్‌లో వాన వస్తుంది. మా ఊరి గుడికి కప్పు ఉండదు.

ఎజ్రా మాస్టారి ఇంటికి వెళ్ళాను. నాకూ నాన్నకీ కూడా అక్షరాలు నేర్పిన మనిషి. సంఘం సెక్రెటరీ. కథీడ్రల్ అతుకుల ఫొటోలు ఫోన్లో చూపించాను. కళ్ళద్దాలు పైకీ కిందికీ జరిపి అన్నీ చూశాడు.

"బాగున్నాయమ్మా. వాళ్ళకి డబ్బుంది, అతుకులేసుకుంటారు."

"మాస్టారూ, అతుకే చవకండి. మన స్లాబు ఎప్పటికి పడుతుందండి?"

"దేవుడిస్తాడు."

"దేవుడిచ్చేలోపు వానలొస్తాయి కదండి."

ఆయన నవ్వలేదు. "పోయిన వానాకాలం వాసం ముక్క ఊడి సండేస్కూలు పిల్లల పక్కన పడింది. ఫిన్నీగాడి చెవిని రాసుకుంటూ పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదమ్మా. నాకు టవరూ వద్దు, గొప్పా వద్దు. పిల్లల మీద పడని కప్పు కావాలి. నువ్వు చదివేది రవాణా. ఈ ఫొటోలు చూసి పిల్లల్ని దూలాల కింద కూర్చోబెట్టమంటావా?" ఫోన్ నా చేతిలో పెట్టాడు. "ఈ తాలూకాలో కలప తెలిసినవాడు మీ నాన్న. వాడి నోటితో వాడు బాగుందని ఒక్క మాట అంటే, నేను స్లాబు మాటెత్తను."

ఇంటికొచ్చి నాన్నకి అదే చెప్పాను. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

"కొనేటప్పుడు ఒక మాట, కొన్నాక ఒక మాట చెప్పేవాణ్ణి బజార్లో ఎవడు నమ్ముతాడు? దిండి ఆయనకి ఏం చెప్పను? ఇలా చూడు ఆశా, ఇప్పుడందరూ ప్లాస్టిక్ తలుపులే కదా. ఇంత పెద్ద ఆర్డరు మనకి మళ్ళీ రాదు."

"అన్నం తినండి ముందు," అంది అమ్మ. ఆ మాట అక్కడితో అయిపోయింది. నేను మళ్ళీ ఎత్తలేదు. బేరంలో మనిషిని గోడకి ఆనిస్తే అతను వద్దనే అంటాడు. తనంతట తాను ముందుకి రావడానికి చోటు వదలాలి.

*

కోతపండగ నాడు గుడి ముందు పందిరి వేశారు. బల్ల నిండా సరుకు. పనసకాయలు, కంద, మామిడికాయల బుట్టలు, కాళ్ళు కట్టేసిన పుంజు. పక్కనే ధాన్యం బస్తా. అది జగన్నాథరావు గారి కానుక. వాళ్ళ పొలం మా ఊళ్ళోనే. ఏటా బస్తా పంపిస్తారు, ఆ ఏడు మనిషి కూడా వచ్చారు. సూర్యకళ నా చేత పంపించిన చాక్లెట్లు అందుకోవడానికని చెప్పారు.

వేలం పాడేది ఎప్పుడూ మా నాన్నే. అది చూడటానికే పక్క ఊళ్ళవాళ్ళు కూడా వస్తారు. ఏడాది పొడుగునా పెదవి విరిచే మనిషి, ఆ ఒక్కరోజూ నోరారా మెచ్చుకుంటాడు.

"గుమ్మడికాయ అనుకుంటున్నారేమో! వజ్రమండి ఇది. కోస్తే ఇంట్లో లైటు వేసుకోనక్కర్లేదు. ఆ పుంజు చూడండి. కూసిందంటే మిల్లు సైరను సిగ్గుపడాలి. రూతమ్మగారూ, మీ ఆయన్ని లేపలేకపోతున్నారు కదా, పాడుకోండి!"

"మా ఆయన్ని లేపాలంటే పుంజు చాలదు, ఏనుగు కావాలి!" అంది రూతమ్మగారు. పందిరంతా గొల్లుమంది.

అరటిగెల చేతులు మారుతోంది. ఎవరు పాడినా "మళ్ళీ పాటకి" అంటున్నారు. ఆ సందట్లో నేను వెళ్ళి బల్ల చివర, కంద పక్కన, ఒక పెంకు పెట్టి వచ్చాను. గుడి వెనక జారిపడి ఉన్న పాత పెంకు. నాచు తోమి కడిగాను, అంతే.

బల్ల మీద పెట్టిన కానుకని పాడనని అనకూడదు. పాడేముందు దాని గుణం చెప్పాలి. అది మా గుడి పద్ధతి.

గెల అయిపోయింది. కంద అయిపోయింది. నాన్న చెయ్యి పెంకు మీద పడింది. ఎత్తి చూశాడు. ముందు ఎవరో హాస్యానికి పెట్టారనుకున్నాడు.

"ఎవరిదండి ఇది?"

"నాదే నాన్నా," అన్నాను. "కానుక."

పందిరిలో చప్పుడు తగ్గింది. అందరికీ తెలుసు, మర్నాడు పొద్దున్నే మా కూలీలు కప్పు ఎక్కుతారని. నాన్న నన్ను చూసిన చూపులో కోపం లేదు. బేరంలో ఎదుటివాడు మంచి ఎత్తు వేసినప్పుడు చూస్తాడే, ఆ చూపు. తువ్వాలుతో పెంకు తుడిచాడు. వేలి కణుపుతో ఒకసారి కొట్టాడు. గంటలా మోగింది.

"మోగడం విన్నారు కదండి," అన్నాడు. "పాత పెంకు. ఇప్పటివి ఇలా మోగవు." అక్కడ ఆగాడు. మామూలుగా ఆయన అక్కడ ఆగడు.

ముందు వరసలో కూర్చున్న ఎజ్రా మాస్టారు, కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు. "పెంకు సరే శాంతికుమారూ. దాని కింద కలప సంగతేంటి?"

నాన్న బల్ల మీదున్న నీళ్ళ గ్లాసు ఎత్తి తాగాడు. గుడి వైపు చూశాడు.

"కొనలు పుచ్చాయి మాస్టారూ. గోడలో మూర మేర. అది కోసి కొత్తది అతకాలి, వాసాలు కొన్ని మార్చాలి." గ్లాసు కింద పెట్టాడు. "మిగతాదంతా బాగుందండి."

గుమ్మడికాయని వజ్రమన్న మనిషి, ఆ కలపని ఉత్తినే బాగుందన్నాడు. దాన్ని మించిన మెప్పు ఆయన నోట నేను అంతకు ముందు వినలేదు, ఆ తరవాతా వినలేదు.

"పిల్లల్ని కూర్చోబెట్టొచ్చా?" అన్నాడు మాస్టారు.

"అతుకేశాక నా కూతుర్ని కూర్చోబెడతాను ముందు."

నాన్నే మళ్ళీ అందుకున్నాడు, ఈసారి వేలం పాటగాడి గొంతుతో. "ఆ కప్పు నేను పాడుకున్నానండి. పాడుకున్నదాన్ని ఇదిగో బల్ల మీద పెడుతున్నాను. మళ్ళీ పాటకి! ముందు ఈ పెంకుతో మొదలెడదాం. చెప్పండి, ఎవరు?"

"నేను," అన్నారు వెనక నుంచి జగన్నాథరావు గారు. లేచి నిలబడి, కాస్త ఇబ్బంది పడుతూ అంకె చెప్పారు. "దీనిమీద పేరు రాసి ఇక్కడే వదిలెయ్యాలటగా. మా అమ్మాయి ఫోన్లో చెప్పింది. ఇంటికి తీసుకెళ్ళకూడదటగా?"

"ఆయ్, తీసుకెళ్ళనివ్వమండి," అన్నాడు నాన్న.

ఆ పెంకు ఎన్ని చేతులు మారిందో నేను లెక్క పెట్టలేదు. తరవాత దూలాలు వచ్చాయి. కోడలొచ్చిన ఇల్లు ఒకటి, కొడుక్కి ఉద్యోగమొచ్చిన ఇల్లు ఒకటి, ఇద్దరు ముగ్గురు కూలిజనం కలిసి ఒకటి. రూతమ్మగారు పుంజుని వదిలేసి వాసం పాడింది. "పడుకున్నా పైన కనబడుతూ ఉంటుంది మా ఆయనకి," అంది.

*

మర్నాడు నాన్న దిండికి ఫోన్ చెయ్యలేదు. బండి మీద తనే వెళ్ళాడు. "మాట తప్పినప్పుడు మొహం చూపించాలి," అన్నాడు. ఆ రిసార్టాయన టీ కూడా ఇవ్వలేదు. ఈ రోజుకీ మా దగ్గర కొనడు. ఆ నష్టం నష్టమే, దాన్ని లాభంలో కలిపి చూపించను.

మే నెలంతా గుడి దగ్గర పని. అతుకు పనికి కావలసిన టేకు మా డిపోలోంచే వెళ్ళింది. ఊరికే ఇవ్వలేదు. కొన్న ధరకి ఇచ్చాం. నాన్న దృష్టిలో అది ఊరికే ఇవ్వడం కంటే పెద్ద కానుక. వడ్రంగులు మొదట్లో నా ఫోన్లో ఫొటోలు చూసి నవ్వారు. మూడో దూలానికి వాళ్ళే కోత మార్చి, ఇంకా బిగువుగా కుదిరేలా చేశారు. ఆ ఫొటో కథీడ్రల్ పెద్దావిడకి పంపించాను. మా వాళ్ళకి చూపిస్తానని జవాబు రాసింది.

జూన్‌లో మొదటి వాన ఆదివారమే పడింది. పాస్టరు అయ్యగారు ప్రసంగం చెబుతున్నారు, జనమంతా తలెత్తి కప్పు చూస్తున్నారు. నాన్న అన్న మాట ప్రకారం నేను మధ్య దూలం కింద కూర్చున్నాను. పక్కన సండేస్కూలు పిల్లలు. ఎక్కడా చుక్క పడలేదు. ఆఖరికి ఒకే ఒక్క చుక్క, సరిగ్గా మా నాన్న బట్టతల మీద పడింది. ఎజ్రా మాస్టారు వంగి, గుసగుసగా అన్నాడు. "కొన్నవాడు నువ్వేగా, అనుభవించు." అయ్యగారు కూడా ప్రసంగం ఆపి నవ్వేశారు.

మళ్ళీ ఇంగ్లండు వెళ్ళి, సెప్టెంబరులో పట్టా పుచ్చుకుని తిరిగొచ్చాను. డిపో నేనే చూసుకుంటున్నాను. ప్లాస్టిక్ తలుపులు ఒక పక్క పెట్టాం, అవీ అన్నం పెడతాయి. కానీ మా ఇంటి లెక్క మారిందెక్కడో నాకు తెలుసు. క్రిస్మస్‌కి ముందు పట్టిసీమ వైపు నుంచి ముగ్గురు పెద్దమనుషులు డిపోకి వచ్చారు. వాళ్ళ గుడి కప్పు కూడా పాతదే, కారుతోంది, ఒకసారి వచ్చి దూలాలు చూడమన్నారు.

"చూస్తానండి," అన్నాడు నాన్న, కుర్చీలు జరుపుతూ. "కొనడానికి చూడమంటారా, నిలబెట్టడానికి చూడమంటారా? ముందే చెప్పెయ్యండి. రెండింటికీ నా నోరు వేరు."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నిలబెట్టడానికేనండి," అన్నాడు అందులో పెద్దాయన.

నాన్న గోడకి తగిలించిన సుత్తి తీసుకుని బండెక్కాడు.